పిల్సెన్ గుర్తులకు కాపలా ఎవరిది? చికాగో మెక్సికన్ పేటలో గోడ, గుడి, దుకాణం

క్లుప్తంగా: చికాగోలోని పిల్సెన్ 2006 నుంచి అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. అయినా అక్కడి మెక్సికన్ సమాజపు గుర్తులు ఒక్కొక్కటే చేజారుతూ వచ్చాయి. అలాంటి జాబితాలు భవనం బయటి రూపాన్ని చూస్తాయి. లోపల ఎవరు ఉన్నారు, ఏం చేస్తున్నారన్నది వాటి లెక్కలోకి రాదు. స్థలం సమాజం చేతిలోనో ప్రభుత్వం చేతిలోనో ఉండి, మరమ్మతు బాధ్యత ఎవరిదో ముందే తేలినచోటే గుర్తులు నిలిచాయి. కుడ్యచిత్రాలు, చర్చిలు, దుకాణాలు, ఇళ్లు ఒక్కొక్కటి ఒక్కో కారణంతో పోతాయి కాబట్టి ఒకే చట్టంతో అన్నిటినీ కాపాడటం కుదరదు.

2017లో ఏం జరిగింది

2017 జూన్‌లో పిల్సెన్‌లోని కాసా అస్త్లాన్ భవనం ముందు గోడకు బూడిదరంగు పూసేశారు. దానికింద ఉన్నవి 1970ల నాటి కుడ్యచిత్రాలు. చిత్రకారుడు రే పట్లాన్ స్థానిక యువకులను వెంటేసుకుని గీసిన బొమ్మలవి. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ భవనం పేటకు సమాజ కేంద్రంగా ఉంది. వలస వచ్చినవాళ్లు ఇంగ్లీషు నేర్చుకున్నదీ, పిల్లలు బడి అయ్యాక చేరినదీ, హక్కుల కోసం సభలు జరిగినదీ అక్కడే. అప్పులు తీర్చలేక 2013లో సంస్థ మూతపడింది. భవనం చేతులు మారింది. కొన్నవారు అపార్ట్‌మెంట్లుగా మార్చే పనిలో గోడకు రంగు వేయించారు.

చాలామందిని తికమకపెట్టిన ప్రశ్న ఒకటే. చారిత్రక పేట అని కేంద్ర ప్రభుత్వమే గుర్తించిన చోట ఇది చట్టప్రకారం ఎలా కుదిరింది? ఇందులో చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. జనం వీధిలోకి వచ్చాక యజమాని దిగివచ్చాడు. అదే ఏడాది పట్లాన్ తిరిగొచ్చి కొత్త చిత్రం వేశాడు. కానీ లోపలున్న సమాజ కేంద్రం తిరిగి రాలేదు. బొమ్మ గోడకెక్కినా ఇళ్లు మాత్రం మార్కెట్ అద్దెకే వెళ్లాయి. ఈ మొత్తం వ్యవహారానికి ఇదే కీలకం.

కట్టినవారు ఒకరు, బతికించినవారు మరొకరు

పిల్సెన్ అన్నది చెక్ పేరు. 1870ల నుంచి బొహీమియా వలసదారులు అక్కడ స్థిరపడ్డారు. వారి వెంట పోలిష్, లిథువేనియన్, క్రొయేషియన్ కుటుంబాలు వచ్చాయి. ఇటుక ఇళ్లు, కింద దుకాణం పైన కాపురం ఉండే కట్టడాలు, వీధికొక చర్చి వారి నిర్మాణాలే. 1892లో కట్టిన థాలియా హాల్ ఆ కాలానికి చెందినదే. నగరం దాన్ని 1989లోనే వారసత్వ కట్టడంగా ప్రకటించింది.

మెక్సికన్లు పెద్ద సంఖ్యలో రావడానికి కారణం ఒక కూల్చివేత. 1960ల మొదట్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చికాగో ప్రాంగణం కోసం పక్కనున్న నియర్ వెస్ట్ సైడ్‌లో ఇళ్లు తీసేశారు. అక్కడున్న మెక్సికన్ కుటుంబాలు దక్షిణానికి జరిగి పిల్సెన్ చేరాయి. 1970 నాటికి పేటలో వారిదే మెజారిటీ. వారు కొత్తగా కట్టిన భవనాలు తక్కువ. పాతవాటిని తీసుకుని వాడుక మార్చారు, గోడలకు బొమ్మలు వేశారు, పోలిష్ చర్చిలో గ్వాదలూపె మాత (మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపం) బొమ్మ పెట్టారు, చెక్ దుకాణాల్లో రొట్టెల బట్టీలు నడిపారు. 1977 నుంచి గుడ్ ఫ్రైడే నాడు 18వ వీధి వెంట క్రీస్తు సిలువ యాత్రను జీవంతో నటిస్తూ నడుస్తున్నారు.

తామే పట్టుబట్టి కట్టించుకున్న భవనాలు కొన్ని ఉన్నాయి. బెనీతో హువారెస్ హైస్కూలు వాటిలో ఒకటి. పిల్లలు దూరపు బడులకు పోవాల్సిరావడంతో తల్లులు ఏళ్లతరబడి పోరాడారు. 1977లో బడి తెరిచారు. మెక్సికో సిటీలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియం రూపకర్త పెద్రో రమీరెస్ వాస్కెస్ దాని ఆకృతికి తోడ్పడ్డారు.

వారసత్వ రక్షణ పద్ధతులకు ఈ చరిత్ర ఇబ్బంది పెడుతుంది. భవనం వయసు, కట్టినవాడి పేరు, ముందుభాగం చెక్కుచెదరకపోవడం చూసి మార్కులు వేసే విధానంలో పిల్సెన్ అంటే చెక్ పేటే. చికాగో నగరం 1983 నుంచి 1995 వరకు చేసిన చారిత్రక భవనాల సర్వే ప్రధానంగా 1940కి ముందు కట్టినవాటినే లెక్కించింది. మెక్సికన్ల యాభై ఏళ్ల జీవితానికి అందులో చోటు లేదు.

ఏ జాబితా ఏం చేస్తుంది

మూడు జాబితాలున్నాయి. జనం వాటిని కలిపేసుకుని మాట్లాడటంవల్లే సగం గందరగోళం.

మొదటిది జాతీయ చారిత్రక స్థలాల జాబితా. ఇందులో పేరుంటే గౌరవం దక్కుతుంది, పన్ను రాయితీకి అర్హత వస్తుంది. సొంత డబ్బుతో కూల్చదలచిన యజమానిని ఇది ఆపదు. కేంద్ర నిధులో, అనుమతులో కావాల్సిన పనికి మాత్రమే ముందస్తు సమీక్ష ఉంటుంది. రాయితీ ఏమిటంటే, ఆదాయం తెచ్చే భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం కేంద్ర ఆదాయపన్నులో తగ్గుతుంది. ఆ మొత్తాన్ని అయిదేళ్లలో విడతలుగా వాడుకోవాలి. అయితే 24 నెలల్లో పెట్టే ఖర్చు, స్థలం ధర తీసేశాక భవనానికి లెక్కల్లో మిగిలిన విలువను మించాలి. ఈమధ్యే ఖరీదు పెట్టి కొన్న భవనానికి ఆ విలువ ఎక్కువ, కాబట్టి పెద్ద పనే చేయించాలి. అంత పని చేయించగలవాడు, అంత పన్ను కట్టేవాడు పెట్టుబడిదారుడే. తాతలనాటి రెండంతస్తుల ఇంట్లో కింద తాముండి పైన అద్దెకిచ్చే కుటుంబానికి ఇది అందదు.

సొంతింట్లో ఉండేవారికి ఇల్లినాయ్ రాష్ట్రం ఇంకో వెసులుబాటు ఇస్తుంది. ఇంటి మరమ్మతుకు కౌంటీ (జిల్లా వంటి పాలనా విభాగం) అంచనా వేసిన మార్కెట్ విలువలో కనీసం 25 శాతం ఖర్చుపెడితే 8 ఏళ్లు పన్ను మదింపు పెరగదు. తర్వాత 4 ఏళ్లలో మెట్లుమెట్లుగా మామూలు స్థాయికి వస్తుంది. మంచి పథకమే, కానీ డబ్బు ముందు పెట్టాలి. 3 లక్షల డాలర్ల ఇంటికి 75 వేలు తేవాలి. పని మొదలుపెట్టాక దరఖాస్తు చేసుకుని అనర్హులయ్యేవారూ ఉంటారు. చేయబోయే పనికి ముందే ఆమోదం తీసుకోవడం క్షేమం.

రెండోది నగర సర్వేలో ప్రాముఖ్యం ఎక్కువని ఎరుపు, నారింజ రంగు గుర్తులు పెట్టిన భవనాల పట్టిక. వీటిని కూలుస్తామని దరఖాస్తు పెడితే 2003 నాటి ఆర్డినెన్సు ప్రకారం 90 రోజుల వరకు ఆపుతారు. ఆలోగా ఎవరూ వారసత్వ హోదా ప్రతిపాదించకపోతే అనుమతి వచ్చేస్తుంది. ఇది ఆలోచించుకునే గడువు మాత్రమే. కుడ్యచిత్రం మీద రంగు వేయడానికి కూల్చివేత అనుమతి అక్కర్లేదు, అందుకే ఈ గడువు అక్కడ వర్తించదు.

మూడోది నగర వారసత్వ హోదా. యజమానిని నిజంగా ఆపే శక్తి ఉన్నది దీనికే. ఏడు ప్రమాణాల్లో కనీసం రెండు తీరాలి, పాత రూపం చాలామటుకు మిగిలి ఉండాలి. నగర వారసత్వ కమిషన్ ప్రాథమిక సిఫారసు, యజమాని అభిప్రాయం, అవసరమైతే బహిరంగ విచారణ, తుది సిఫారసు, చివరికి నగర కౌన్సిల్ ఓటు. హోదా వచ్చాక వీధినుంచి కనపడే ప్రతి మార్పుకీ కమిషన్ అనుమతి కావాలి.

పేటవాసులే వద్దన్న హోదా

2018లో నగరం పిల్సెన్ నడిబొడ్డున సుమారు 850 భవనాలకు ఈ మూడో రకం హోదా ఇస్తామంది. కుడ్యచిత్రాలనూ ఆ ప్రతిపాదనలో చేర్చడం చికాగోకు కొత్త. బయటివారికి ఇది వరంలా కనిపించింది. పేటలో చాలామంది యజమానులు వద్దన్నారు. వార్డు ప్రతినిధి కూడా వారి పక్షమే తీసుకున్నారు. 2020 చివర్లో కౌన్సిల్ కమిటీ దాన్ని తోసిపుచ్చింది.

వారి భయాల్లో ముఖ్యమైనది మరమ్మతు ఖర్చు. పిల్సెన్ ఇళ్లకు ముందుగోడ నున్నని ఇటుకతో, పక్కగోడలు మెత్తని నాటు ఇటుకతో ఉంటాయి. అలాంటి మెత్తని ఇటుకకు సున్నం ఎక్కువున్న మెత్తని గార పెట్టాలి. ఖర్చు తగ్గుతుందని గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేయిస్తే లోపలి చెమ్మ సందుల్లోంచి బయటికి రాలేక ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. చికాగో చలిలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది. కొన్ని చలికాలాలకే ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. సరైన గార పెట్టగల మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ. వీధి మట్టం ఎత్తు పెంచిన నాటినుంచి చాలా ఇళ్ల ముందు గది కాలిబాటకంటే కింద ఉండిపోయింది. కాలిబాట కింద బోలుగా ఉన్న అరల్లోంచి నీరు నేలమాళిగలోకి కారుతుంది. దాన్ని ఆపడమే పెద్ద ఖర్చు. ఆపైన కిటికీలు, చూరు అలంకారం పాత పద్ధతిలోనే ఉండాలంటే భారం ఇంకా పెరుగుతుంది.

రెండో భయం ఆస్తి పన్ను. చికాగో ఉన్న కుక్ కౌంటీ నగరంలోని ఇళ్లను మూడేళ్లకోసారి మదింపు చేస్తుంది, చుట్టుపక్కల ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో చూసి విలువ కడుతుంది. ఇంట్లోవాళ్ల ఆదాయం పెరిగిందా లేదా అన్నది అక్కడ లెక్క కాదు. 2021 మదింపు ఆధారంగా 2022 చివర్లో బిల్లులు వచ్చాయి. పిల్సెన్ ఉన్న లోయర్ వెస్ట్ సైడ్‌లో మధ్యస్థ ఇంటి పన్ను సుమారు 46 శాతం పెరిగింది. వారసత్వ హోదా వస్తే పేటకు పేరొస్తుంది, పేరుతో ధర, ధరతో పన్ను వస్తాయి. ఈ గొలుసు ప్రతిచోటా ఇలాగే సాగుతుందని చెప్పలేం. కానీ ఇల్లు అమ్మే ఉద్దేశం లేనివారికి ధర పెరగడంలో లాభమేమీ లేదన్న వాదన గట్టిది.

జనాభా లెక్కలు ఆ భయానికి నేపథ్యం. 2000లో లోయర్ వెస్ట్ సైడ్ జనాభా 44,031. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు). 2010కి జనాభా 35,769కి తగ్గింది. వెళ్లిపోయినవారిలో అత్యధికులు లాటినో కుటుంబాలే. రూపం కాపాడి, మనుషులను కాపాడని హోదా తమకెందుకన్నది అక్కడివారి నిలదీత. ఆ నిలదీత న్యాయమైనదే. కాకపోతే దానికి ఒక మూల్యం ఉంది. హోదాతోపాటే కుడ్యచిత్రాలకు దొరకబోయిన రక్షణ కూడా పోయింది.

కుడ్యచిత్రాలు: చట్టం ఎక్కడివరకు

దృశ్య కళాకారుల హక్కుల చట్టం అని 1990లో అమెరికా కాంగ్రెస్ ఒకటి చేసింది. పేరున్న కళాఖండాన్ని యజమాని ఇష్టంవచ్చినట్టు పాడుచేయకుండా కళాకారుడికి హక్కిచ్చే చట్టమది. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ భవనం గోడలమీది చిత్రాలకు సున్నం కొట్టించినందుకు 2018లో కోర్టు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించింది. ఆ తీర్పు తర్వాత ఇక కుడ్యచిత్రాలన్నీ భద్రమే అనుకున్నవారున్నారు. పిల్సెన్‌కు అది అలా వర్తించదు.

చట్టం అమల్లోకి వచ్చింది 1991 జూన్‌లో. అంతకుముందు వేసిన చిత్రానికి రక్షణ కావాలంటే దాని యాజమాన్యం అప్పటికింకా కళాకారుడి దగ్గరే ఉండాలి. ఇతరుల గోడమీద వేసిన బొమ్మ విషయంలో అది నిరూపించడం బహుకష్టం. అంటే 1970ల ఉద్యమకాలపు చిత్రాలు, పేటకు ప్రాణమైనవి, దాదాపు పూర్తిగా బయటే మిగిలాయి. తర్వాత వేసినవాటికైనా హక్కు కళాకారుడి జీవితకాలం వరకే. ఆ హక్కు ఆయనది, పేటది కాదు. ఆయన వదులుకుంటూ సంతకం పెట్టేస్తే వీధిలో ఎంత గోల చేసినా ఫలితం ఉండదు.

అందుకే కొత్త గోడమీద కుంచె పెట్టేముందు రాసుకునే ఒప్పందం ముఖ్యం. నోటిమాటమీద మొదలైన పనులే తర్వాత తగాదాలయ్యాయి. చిత్రం కనీసం ఎన్నేళ్లు ఉంచాలి, భవనం అమ్మితే కొన్నవారికి ఒప్పందం వర్తిస్తుందా, తుడిచేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, నీరు కారి పాడైతే ఎవరు బాగుచేయించాలి అన్న నాలుగు మాటలు అందులో ఉండాలి. గోడకు దెబ్బ తగలకుండా తీయగలిగిన చిత్రానికి చట్టం 90 రోజుల గడువిస్తుంది, ఆలోగా కళాకారుడు తన ఖర్చుతో తీసుకుపోవచ్చు. ఆ నోటీసు చేరాలంటే ఆయన చిరునామా కాపీరైట్ కార్యాలయంలో నమోదై ఉండాలి. ఇల్లు మారినప్పుడు దాన్ని మార్చుకోవడం చాలామంది మరిచిపోతారు. ఒప్పందంలోని రక్షణ కొన్నవారికీ కట్టుబడాలంటే దాన్ని భూమి దస్తావేజుకు జతచేసి కౌంటీలో నమోదు చేయించాలి. లేదంటే అది పాత యజమానితోనే ముగిసిపోతుంది.

నగర సిబ్బందివల్ల కూడా ప్రమాదం ఉంది. చికాగోలో గోడరాతలు తొలగించే బృందాలు సోడాపొడి కలిపిన నీటిని ఒత్తిడితో కొట్టి గోడ శుభ్రం చేస్తాయి. అనుమతితో వేసిన బొమ్మకూ, దొంగరాతకూ తేడా తెలియక మంచి చిత్రాలను చెరిపేసిన సందర్భాలు వచ్చాకే నగరం కుడ్యచిత్రాల రిజిస్ట్రీ పెట్టింది. నమోదు చేయించుకోవడం చిన్న పని. పాత చిత్రాల విషయంలో వేసినవారు పోయో, ఊరు మారో ఉంటారు కాబట్టి నమోదు చేయించే దిక్కుండదు. ఆ పని పేటలోని ఏదో ఒక సంస్థ మీదేసుకోవాలి.

గోడే పాడైతే

పిల్సెన్ ఉత్తరపు అంచున 16వ వీధి పొడవునా రైలుకట్టను ఆపే కాంక్రీటు గోడ ఉంది. దానిమీద వరుసగా బొమ్మలున్నాయి. ఆ గోడ వెనక మట్టి ఉంది, మట్టిలో నీరుంటుంది. నీరు కాంక్రీటులోని లవణాలను కరిగించుకుని ముందుకు వస్తుంది, గాలి తగిలి ఆరిపోతుంది, లవణం తెల్లటి పొరలా రంగు వెనక పేరుకుంటుంది. ఆ పొర పెరిగి రంగును పొక్కులుగా లేపుతుంది. ముందువైపు ఎన్నిసార్లు మళ్లీ రంగులేసినా కొన్నేళ్లకు అదే చోట పెచ్చు లేస్తుంది. గోడ వెనక నీరు పోయే దారి, గోడ అడుగున నీరు బయటికి వచ్చే రంధ్రాలు, పగుళ్లు సరిచేశాకే రంగు సంగతి చూడాలి. ఆ వెనకభాగం రైల్వే కంపెనీది. వారి అనుమతి లేకుండా అటువైపు ఎవరూ పారపెట్టలేరు.

కొత్తగా గార చేసిన గోడను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. తడి సిమెంటులోని క్షారం అక్రిలిక్ రంగుకు పడదు. ఆపైన క్షారాన్ని తట్టుకునే ప్రైమరు, తర్వాత వంద శాతం అక్రిలిక్ రంగు వేయాలి. ఎర్రమట్టి, పసుపుమట్టి జాతి ఖనిజ వర్ణాలు ఎండకు తట్టుకుంటాయి. మెరిసే గులాబీ, నిమ్మపసుపు వంటి సేంద్రియ వర్ణాలు దక్షిణముఖపు గోడమీద ముందుగా వెలిసిపోతాయి. పాత చిత్రాల్లో నీలాలు మిగిలి మెరిసే ఎరుపులు పోయినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

పైపూత విషయంలో పొరపాట్లు ఎక్కువ. ఒకటి మైనంపూత. దానిమీద ఎవరైనా గీస్తే వేడినీటితో మైనం సహా కడిగేసి మళ్లీ పూయాలి. రెండోది పాలీయురేథేన్ వంటి శాశ్వత పూత. గీతలు మందుతో తుడిస్తే పోతాయి, పూత ఉంటుంది. కానీ అది గాలిని ఆడనివ్వదు. వెనకనుంచి చెమ్మ వచ్చే గోడకు దాన్ని పూస్తే నీరు లోపలే చిక్కుకుని రంగును మొత్తంగా ఊడదీస్తుంది. రైలుకట్ట గోడకూ పాత ఇటుకగోడకూ మైనమే తక్కువ ప్రమాదం, ఖర్చు మళ్లీమళ్లీ వచ్చినా సరే. ఏ పూతకైనా ముందు రంగుకూ పూతకూ మధ్య ఒక స్వచ్ఛమైన అక్రిలిక్ పొర వేయాలి. అది లేకపోతే తుడిచినప్పుడు అసలు బొమ్మే చెరుగుతుంది.

బాగుచేసేముందు ఫోటోలు తప్పనిసరి. ఎదురుగా నిలబడి, ఎండ నేరుగా పడని వేళ, రంగుల పోలికపట్టీ చిత్రంలో కనపడేలా తీయాలి. పక్కనుంచి వెలుతురు పడేలా ఇంకో వరుస తీస్తే పొక్కులు బయటపడతాయి. ఆనాడు పనిచేసిన పిల్లల పేర్లు కూడా రాసి ఉంచాలి. పేట జ్ఞాపకంలో ఆ పేర్లకు బొమ్మతో సమానమైన విలువ ఉంది.

చర్చి గోపురాల లెక్క వేరు

పోలిష్ వలసదారులు 20వ శతాబ్దం రెండో దశకంలో కట్టిన సెయింట్ అడాల్బర్ట్ చర్చి జంట గోపురాలు 185 అడుగులు. పేట ఎటునుంచి చూసినా అవే కనిపిస్తాయి. పోలిష్ కుటుంబాలు వెళ్లాక మెక్సికన్ భక్తులు దాన్ని నిలబెట్టారు. గోపురాల మరమ్మతుకు లక్షల డాలర్లు కావాలని తేలింది, ఏళ్లతరబడి చుట్టూ పరంజా నిలిచింది, 2019లో చర్చిని మూసేశారు.

చికాగో వారసత్వ చట్టంలో 1987 నుంచి ఒక మినహాయింపు ఉంది. ప్రార్థనలకు వాడుతున్న మతసంస్థ భవనానికి యజమాని ఒప్పుకోకుండా హోదా ఇవ్వకూడదు. అంటే భక్తులు ఉన్నంతకాలం వారి మాటకంటే ఆర్చిడయోసిస్ (నగర చర్చిలన్నిటిపై అధికారం ఉన్న కేథలిక్ పీఠం) మాటే చెల్లుతుంది. భక్తులను పంపేశాక హోదాకు దారి తెరుచుకుంటుంది, అప్పటికి ఖాళీ భవనం మిగులుతుంది. చర్చి స్థలం పేటవాసుల చందాలతో నిలిచినా, పత్రాల ప్రకారం ఆర్చిడయోసిస్ పేరునే ఉండిపోయింది.

ఎదురు ఉదాహరణ కూడా దగ్గర్లోనే ఉంది. రూజ్‌వెల్ట్ రోడ్డుమీది సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ చికాగో మెక్సికన్లకు తల్లిచర్చి. 1996లో కూల్చివేత పనులు మొదలయ్యాక భక్తులు లోపలికెళ్లి కూర్చున్నారు. ఆర్చిడయోసిస్ అధిపతి అయిన కార్డినల్ నిర్ణయం మార్చుకున్నారు. విశ్వవిద్యాలయం వచ్చి చుట్టూ ఇళ్లు పోయి ముప్ఫై ఏళ్లయినా జనం ఇతర పేటలనుంచి వచ్చి ఆదివారం ప్రార్థనలు చేస్తూ ఉండటమే దాని బలం. వాడుక బతికుంటే భవనం కోసం నిలబడేవారుంటారు.

దుకాణాలకు ఏ జాబితా లేదు

రొట్టెల బట్టీ, కార్నిటాస్ (పందిమాంసపు వంటకం) దుకాణం, సంత వంటివాటినే పేటవాసులు ముందుగా గుర్తుచేసుకుంటారు. చట్టానికి అవి అద్దెదారులు మాత్రమే. ఇల్లినాయ్‌లో 1997 నాటి రాష్ట్ర చట్టం స్థానిక ప్రభుత్వాలు అద్దె నియంత్రణ పెట్టకుండా నిషేధించింది, నివాసాలకూ వ్యాపారాలకూ కలిపి. చికాగో తెలుగువారికి పరిచయమైన డెవాన్ అవెన్యూ దుకాణాలకూ ఇదే వర్తిస్తుంది. అద్దె గడువు ముగిసినరోజు యజమాని రెట్టింపు అడిగినా నగరం జోక్యం చేసుకోలేదు.

పిల్సెన్‌కు పశ్చిమాన 26వ వీధిలోని లిటిల్ విలేజ్‌లో 1991 నుంచి నడిచిన డిస్కౌంట్ మాల్ దీనికి సాక్ష్యం. చిన్నచిన్న అరల్లో బట్టలు, బూట్లు, పుట్టినరోజు, కిన్సెఅన్యేరా (ఆడపిల్లల పదిహేనో ఏటి వేడుక) సామగ్రి అమ్మేవారితో కిక్కిరిసి ఉండేది. 2020లో ప్రాంగణం చేతులు మారింది. 2023లో దాదాపు సగం భాగం ఖాళీ చేయించారు. అక్కడికి కాస్త దూరంలోనే, అదే వీధికి అడ్డంగా, అడ్రియన్ లొసానో రూపొందించిన స్వాగత తోరణం ఉంది. 2022లో నగరం దానికి వారసత్వ హోదా ఇచ్చింది, మెక్సికన్ మూలాలున్న వాస్తుశిల్పి నిర్మాణానికి చికాగోలో ఇది మొదటిసారి. తోరణానికి అద్దె ఉండదు, అందుకే దాన్ని కాపాడటం తేలిక. తోరణం దాటి లోపలికి వచ్చే జనానికి పని కల్పించే దుకాణాలను కాపాడటం చట్టానికి ఇప్పటికీ చేతకాలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో వేరే పద్ధతి ఎంచుకుంది. 2015లో ఓటర్లు ఆమోదించిన వారసత్వ వ్యాపారాల నిధి కింద 30 ఏళ్లు దాటిన దుకాణాలు నమోదవుతాయి, ఖాళీ చేయాల్సిన ప్రమాదం ఉంటే 20 ఏళ్లున్నా చాలు. దుకాణానికి ఒక్కో ఉద్యోగికి ఏటా 500 డాలర్ల వరకు, కనీసం పదేళ్ల లీజు ఇచ్చిన భవన యజమానికి చదరపు అడుగుకు 4.50 డాలర్ల వరకు, 5,000 చదరపు అడుగుల పరిమితితో గ్రాంటు నిర్ణయించారు. యజమానికి డబ్బిచ్చి లీజు పొడిగించమనడం ఇందులోని ఉపాయం. బడ్జెట్లో తక్కువ ఉంటే వాటా తగ్గుతుంది, అదే లోపం. ఆ నగరంలోనూ 24వ వీధిని 2014లో లాటినో సాంస్కృతిక జిల్లాగా ప్రకటించాక, 1970లో పుట్టిన కళాప్రదర్శనశాల గలేరియా డె లా రాసా 2018లో అద్దె పెంపు తట్టుకోలేక పాత చోటు వదిలింది. జిల్లా అన్న పేరు లీజుకు ప్రత్యామ్నాయం కాలేదు.

నిలిచినవి ఎందుకు నిలిచాయి

కార్లోస్ టొర్టొలెరో తదితర ఉపాధ్యాయులు 1982లో 900 డాలర్లతో మొదలుపెట్టిన సంస్థ 1987లో హారిసన్ పార్కులోని ఒక పాత పార్కు భవనంలో మ్యూజియం తెరిచింది. అదే నేటి నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్. స్థలం నగర పార్కులు చూసే ప్రభుత్వ సంస్థ చికాగో పార్క్ జిల్లాది. ఆ జిల్లా స్థలంలో ఉన్న మ్యూజియాలకు ఆస్తి పన్నునుంచి వాటా వస్తుంది. ప్రవేశం ఉచితం. పేట చుట్టూ అద్దెలు ఎంత పెరిగినా మ్యూజియానికి ఆ సెగ తగలదు. మృతుల పండగ ప్రదర్శన ఏటా జరుగుతుంది, తరలిపోయిన కుటుంబాలు దానికోసమైనా తిరిగొస్తాయి. పిల్సెన్‌లో అన్నిటికంటే భద్రంగా ఉన్న గుర్తు ఇదే. దానికి కారణం భవనం వయసు కాదు, స్థలం ఎవరిదన్న విషయం.

శాన్ డియేగోలో బారియో లోగన్ ఇదే సూత్రాన్ని పోరాటంతో సాధించింది. కొరొనాడో వంతెన కింద పార్కు ఇస్తామన్న చోట 1970లో హైవే పోలీసుల స్టేషను పనులు మొదలయ్యాయి. ఏప్రిల్ 22న జనం స్థలాన్ని ఆక్రమించి 12 రోజులు కదల్లేదు. అది చికానో (మెక్సికన్ అమెరికన్) పార్కయింది. 1973 నుంచి వంతెన స్తంభాలమీద చిత్రాలు వేశారు. 2016లో అది జాతీయ చారిత్రక చిహ్నం స్థాయికి ఎదిగింది. 1970లో ఏర్పడ్డ సారథ్య సంఘమే నేటికీ పార్కు వ్యవహారాలు చూస్తోంది. స్తంభాలు రాష్ట్ర రవాణా శాఖవి, పార్కు నగరానిది, బొమ్మల బాధ్యత సంఘానిది. ఎవరి పని ఏదో స్పష్టంగా ఉండటంవల్ల 2011, 2012లలో చిత్రాల పునరుద్ధరణకు ప్రభుత్వ డబ్బు, పాత చిత్రకారులు ఒకచోట చేరగలిగారు.

ఇళ్ల విషయంలో పిల్సెన్‌లో 1990లో ఆరు పారిష్‌లు (స్థానిక చర్చి సమాజాలు) తలా 5,000 డాలర్లు వేసి రిసరెక్షన్ ప్రాజెక్టును మొదలుపెట్టాయి. 30 వేల డాలర్లతో పుట్టిన ఆ సంస్థ స్థలాలు కొని, తక్కువ ఆదాయంవారికి ఇళ్లు కట్టింది. ధరలు పెరగకముందు కొన్న స్థలాలే ఇవాళ దాని బలం. ఇప్పుడు అదే పని మొదలుపెట్టేవారికి అదే డబ్బుతో ఒక్క ఇంటిస్థలం దొరకడమూ కష్టమే.

ఇక ముందు

వారసత్వ హోదా వీగిపోయాక 2021లో చికాగో రెండు వేరే సాధనాలు తెచ్చింది. మొదటిది, ఎక్కువ ఇళ్లు బహుళ కుటుంబాలవైన వరుసల్లో వాటిని ఒకే కుటుంబపు పెద్ద ఇల్లుగా మార్చకుండా ఆంక్ష. రెండోది, పిల్సెన్‌లో కూల్చివేతకు అదనపు రుసుం. అప్పట్లో విడి ఇంటికీ రెండు వాటాల ఇంటికీ 15,000 డాలర్లు, అంతకంటే పెద్దవాటికి వాటాకు 5,000 డాలర్లు అని నిర్ణయించారు. ఆ డబ్బు నగర సమాజ భూ ట్రస్టుకు వెళుతుంది. ట్రస్టు ఇంటి అమ్మకపు ధరకు పరిమితి పెట్టి అందుబాటులో ఉంచుతుంది.

మొదటి సాధనం పేట స్వభావానికి బాగా అతికింది. రెండువాటాల ఇల్లే అక్కడి కుటుంబానికి ఆధారం, పైవాటా అద్దెతోనే పన్ను కట్టేవారెందరో. రెండోది బలహీనం. స్థలం కొని కూల్చి కొత్తది కట్టి అమ్మేవారి మొత్తం పెట్టుబడిలో 15,000 చిన్న మొత్తం. అది కూల్చివేతలను పూర్తిగా ఆపుతుందని ఆశించకూడదు. తక్కువ లాభమున్న పనులను మాత్రం వెనక్కి తగ్గేలా చేస్తుంది.

రెండూ కుడ్యచిత్రానికి, లీజు ముగిసే దుకాణానికి, మూతపడిన చర్చికి వర్తించవు. ఆ మూడింటికీ ఇప్పుడున్న చట్టంలోనే చేయగలిగిన పనులు కొన్ని మిగిలి ఉన్నాయి: ప్రతి పాత చిత్రాన్నీ ఒక సంస్థకు దత్తత ఇచ్చి రిజిస్ట్రీలో చేర్చడం, కొత్త గోడ ఒప్పందాలను కౌంటీలో నమోదు చేయించడం, దుకాణం నడిచే భవనాన్ని అమ్మేటప్పుడు మొదట అద్దెదారునే అడగాలన్న షరతును లీజు కొత్తగా రాసుకునేటప్పుడే పెట్టించుకోవడం, చర్చి మూత వార్త వచ్చేదాకా ఆగకుండా గోపురంలో మొదటి పగులు కనపడ్డప్పుడే ఇంజినీరు అంచనా తెప్పించడం. లీజులో ఆ షరతు సంపాదించడం దుకాణదారుకు గడువు ఇంకా రెండుమూడేళ్లు ఉన్నప్పుడు సాధ్యం. చివరి ఆరునెలల్లో బేరమాడే శక్తి యజమానిదే అయిపోతుంది.